ఇరవై రెండు పూతల బంగారు ముద్ద

వెర్నా ట్రెగెంజాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పెండర్స్ ఫ్లాట్ ఊళ్లో అందరూ అంటారు. అనేవాళ్లకేం పోయింది? డెబ్బై ఏళ్ల మనిషి. పెళ్లీ పెటాకులూ లేవు. గట్టు మీద తాత కట్టిన రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటూ, నలభై తేనెపెట్టెలు తానే మోసి, తానే దించి, తానే తేనె తీసి బతుకుతోంది. అలాంటి మనిషి చెట్లకు ఎవడో వచ్చి గులాబీరంగు రిబ్బన్లు కట్టి పోతే కోపం రాక మురిపెం వస్తుందా?

అది జూన్ నెల, ఇక్కడ మాకు నడి చలికాలం, మంగళవారం పొద్దున. గడ్డి మీద మంచు తెల్లగా గట్టిపడి ఉంది. ఆమె తేనెపెట్టెలు పెట్టుకునే బాతుల వాగు ఒడ్డున, సర్కారు అడవిలో, ఐరన్‌బార్క్ చెట్లు పూత మీద ఉన్నాయి. ఈ చుట్టుపక్కల చలికాలంలో పూసేవి అవే, ఆ నాలుగు నెలలూ తేనెటీగలకు తిండి పెట్టేవీ అవే. వెర్నా వ్యాన్ దిగి చూసేసరికి నల్లటి బెరళ్ల మీద గులాబీ రిబ్బన్లు. ఒకటీ రెండూ కాదు, అరవై ఒకటి. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ లెక్కపెట్టింది. ఆ రంగు రిబ్బన్ కట్టిన చెట్టును కొట్టేస్తారని ఇక్కడ చంటిపిల్లాడికి కూడా తెలుసు.

అన్నిటికంటే లావుపాటి చెట్టుకు ఒక కాగితం కొట్టి ఉంది. ఈ వాగులో ఒక కంపెనీ బంగారం కోసం డ్రిల్లింగు మొదలుపెడుతోందట. తేనెపెట్టెలు నెలాఖరులోగా తీసేయాలట. అక్కడితో ఆగితే బాగుండేది. "1957లో హెడ్లీ ట్రెగెంజా అను అదృష్టవంతునికి ఇచ్చటనే రెండు వందల పన్నెండు ఔన్సుల బంగారు ముద్ద లభించిన సంగతి విదితమే" అని కూడా రాశారు.

హెడ్లీ ట్రెగెంజా వెర్నా తండ్రి.

"విదితమట! ఎవడికిరా విదితం?" అని ఆ అడవిలో ఒక్కతే నిలబడి అరిచింది. కాగితం పీకి నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకుంది. ఆ వాగులో ముద్ద దొరకలేదు. ముద్ద కాదు కదా, ఆవగింజంత బంగారం కూడా ఎన్నడూ దొరకలేదు. ఆ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే మిగిలింది.

మా ఊళ్లో ముద్ద దొరికినవాడు దొరికిన చోటు చెప్పడు. చెబితే తెల్లారేసరికి అక్కడ ఊరంతా పలుగూ పారా పట్టుకుని దిగుతుంది. అడిగేవాడికి నిజం చెప్పరని తెలుసు, చెప్పేవాడికి నమ్మరని తెలుసు. అయినా అడుగుతారు, అయినా చెబుతారు. బీరు గ్లాసు చేతికిచ్చి అడగడం ఒక మర్యాద, అడిగినవాడి కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం ఇంకో మర్యాద. తాతల నాటి నుంచీ ఇంతే, ఎవరూ నొచ్చుకోరు. హెడ్లీ చేసిన పొరపాటల్లా ఒకటే. గనుల శాఖ గుమాస్తా వచ్చి అడిగినప్పుడు కూడా పబ్బులో చెప్పిన అబద్ధమే చెప్పాడు. ఆ గుమాస్తా పాపం మెల్‌బోర్న్ నుంచి కొత్తగా వచ్చినవాడు. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. ఆ రాత పుస్తకంలోంచి పటంలోకీ, పటంలోంచి కంప్యూటర్లోకీ ఎక్కి, అరవై ఏళ్లుగా హోదా పెంచుకుంటూ పోయింది.

అసలు జరిగింది వెర్నాకు నిన్నటిలా గుర్తుంది. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. వంటింటి నేల ఒక పక్కకు ఒరిగిపోయి, బల్ల మీద పెట్టిన పాలజగ్గు దానంతటదే జారిపోతుంటే తల్లి ఐవీ రోజూ సాధించేది. ఇంటిని మోసే దుంగల్లో ఒకటి పుచ్చిపోయింది. ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక హెడ్లీ నేల చెక్కలు ఊడదీసి, పాత దుంగ పీకి, కొత్తది పాతడానికి గుంట తవ్వుతున్నాడు. రెండడుగుల లోతున గునపం దేనికో తగిలింది. రాయికి తగిలితే ఖంగుమంటుంది. ఇది మోగలేదు, మెత్తగా దిగబడింది. హెడ్లీ గునపం పక్కన పెట్టి, చేతులతో మట్టి తోడడం మొదలుపెట్టాడు. ఐవీ దాన్ని గిన్నెలు తోమే తొట్టెలో పెట్టి కడిగింది. వెర్నా ముట్టుకుంటే అరచేతిలో గుచ్చుకుంది, రక్తం కూడా వచ్చింది. అంత ముళ్లముళ్లుగా ఉంది ఆ ముద్ద.

ఐవీ అప్పుడే ఒట్టు వేయించుకుంది. "చచ్చినా చెప్పకు. చెప్పావా, ఇల్లు కూల్చి మరీ తవ్వుతారు." ఆ తర్వాత పదకొండేళ్లు ఆ వంటింట్లో ఏం జరిగిందో వెర్నా ఎవరితోనూ అనలేదు. తండ్రి పోయాడు, తల్లి పోయింది, ఒట్టు మాత్రం మిగిలింది.

వాగు నుంచి నేరుగా మెర్విన్ ఓట్స్ దగ్గరికి వెళ్లింది. మెర్విన్ ఆమెతోపాటు బడిలో చదువుకున్నవాడు. పోస్టాఫీసులో పని చేసి, అది మూతపడ్డాక, ఆ పాత భవనంలోనే ఊరి మ్యూజియం పెట్టుకుని కూర్చున్నాడు. అద్దాల పెట్టెలో హెడ్లీ ముద్ద ఉంటుంది. అంటే అసలుది కాదు, దాన్ని బ్యాంకు అప్పుడే కరిగించేసింది. కరిగించే ముందు మేనేజరు తీయించిన ప్లాస్టర్ నకలు ఇది.

"ఒరే మెర్వ్, ఆ కంపెనీవాళ్లకు బాతుల వాగు సంగతి చెప్పింది నువ్వేనా?" అంది గుమ్మంలోంచే.

"నేను చెప్పేదేముంది? ప్రభుత్వం పుస్తకంలోనే ఉంది. కూర్చో, టీ పెడతా."

"నీ టీ ఎవడిక్కావాలి! అక్కడ ఏమీ దొరకలేదు. వాళ్లతో ఆ మాట చెప్పు."

మెర్విన్ కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వాడు. "అరవై ఏళ్ల తర్వాతా? అక్కడ కాకపోతే ఇంకెక్కడ దొరికింది?"

వెర్నా మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"అదీ సంగతి! ట్రెగెంజాలు ట్రెగెంజాలే," అన్నాడు మెర్విన్. "కంపెనీ వెతుకుతుందనగానే అక్కడ లేదంటున్నావు. అంటే అక్కడ కచ్చితంగా ఉన్నట్టే. మీ నాన్న ఇలాగే మా నాన్నను మూడేళ్లు తిప్పాడు తల్లీ!"

ఏం చేయాలి ఇలాంటి మనుషుల్ని? నిజం చెప్పినా అబద్ధమే, అబద్ధం చెప్పినా అబద్ధమే! వెర్నాకు ఒళ్లు మండిపోయింది. తిరిగి వెళ్లబోతూ అద్దాల పెట్టె వైపు చూసింది. చాలా ఏళ్లుగా ఇటువైపు రాలేదు. ముద్ద ధగధగలాడుతోంది, ఉడకబెట్టి తొక్క తీసిన బంగాళాదుంపలా నున్నగా.

"దీన్నేం చేశావురా?"

"బాగుంది కదూ? ఈస్టర్ జాతరకు మనుషులొస్తారు, మెరవకపోతే ఎలా? ఏటా ఒక పూత వేస్తా. ఇప్పటికి ఇరవై రెండు పూతలు," అన్నాడు మెర్విన్, కన్నబిడ్డ గురించి చెప్పినట్టు.

వెర్నా తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం, ఊరి సభలు జరిగే మెకానిక్స్ హాల్లో కంపెనీ వాళ్లు మీటింగు పెట్టారు. ఊళ్లోవాళ్లు ఎనభై మందికి తక్కువ రాలేదు. ఒక బల్ల మీద కొబ్బరిపొడి అద్దిన లామింగ్టన్ కేకులూ, పెద్ద టీ డ్రమ్మూ. ఇంకో బల్ల మీద నల్లగుడ్డ పరిచి, మెర్విన్ తెచ్చిన ముద్ద నకలును పెళ్లికూతురిలా కూర్చోబెట్టారు. కంపెనీ పెద్దమనిషి గ్రాంట్ ఫెల్లోస్ ఇస్త్రీ నలగని చొక్కాలో అందరికీ చేతులు కలుపుతూ తిరుగుతున్నాడు. బూట్లకు ఒక్క మట్టి మరక లేదు. వెర్నా మూడో వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది.

ముందు మాట్లాడింది కంపెనీలో రాళ్ల సంగతి చూసే అమ్మాయి, బ్రైడీ స్కాన్లన్. ముప్పై ఏళ్లుంటాయి. మాటలో డాబు లేదు, తెలిసింది తెలిసినట్టు చెప్పింది.

"బంగారం పుట్టేది వాగుల్లో కాదండీ. నలభై నాలుగు కోట్ల ఏళ్ల కిందట భూమి అడుగున, పది కిలోమీటర్ల లోతున, సలసల కాగే నీళ్లలో కరిగి ఉండేది. భూకంపం వచ్చినప్పుడల్లా రాయి పగిలి, ఆ పగుళ్లలోకి ఆ నీళ్లు తన్నుకొచ్చేవి. ఒత్తిడి తగ్గగానే బంగారం, తెల్లటి పలుగురాయి రెండూ కలిసి అక్కడే పేరుకునేవి. ఒకసారి కాదు, వేలసార్లు. ఆ తర్వాత కోట్ల ఏళ్లకు కొండలు అరిగిపోయి ముద్దలు బయటపడ్డాయి. వానలకు కొన్ని వాగుల్లోకి దొర్లాయి. దొర్లేకొద్దీ పలుగురాయి ఊడిపోతుంది, అంచులు అరిగిపోతాయి. ఈ ముద్దనే చూడండి. ఎంత నున్నగా ఉందో! ఇది చాలా దూరం దొర్లిన ముద్ద. అంటే బాతుల వాగు కింద పాత ఏరు ఒకటి పూడిపోయి ఉంది. దాని అడుగున ఇలాంటివి ఇంకా ఉంటాయని నా అంచనా. నివేదికలో రాసిందీ అదే."

హాలంతా గుసగుసలు. వెర్నా లేచి నిలబడింది.

"అమ్మాయ్, నున్నగా ఉంది కాబట్టి వాగుదంటున్నావు. అంతేనా?"

"అంతేనండీ. ముఖ్యంగా అదే."

"నువ్వు దీన్ని ముట్టుకుని చూశావా, ఫొటోలో చూశావా?"

బ్రైడీ కాస్త తడబడింది. "ఫొటోలోనేనండీ. ఇవాళే మొదటిసారి ఎదురుగా చూడటం."

వెర్నా నడుచుకుంటూ ముందుకొచ్చింది. తేనెపెట్టెల మూతలు లేపే ఇనుప బద్ద ఎప్పుడూ ఆమె కోటు జేబులో ఉంటుంది. అది తీసింది. ఆమె ఏం చేయబోతోందో మెర్విన్‌కు అర్థమయ్యేలోపు ముద్దను నల్లగుడ్డ మీద పక్కకు దొర్లించి, బద్ద అంచుతో బరబరా గీకడం మొదలుపెట్టింది. బంగారు రంగు తొక్కలు తొక్కలుగా రాలింది.

"వెర్నా! వద్దు! అది ఊరి ఆస్తి!" అని మెర్విన్ కుర్చీ తన్నుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఎవరైనా పట్టుకోండి దాన్ని!"

"దగ్గరికి రాకు మెర్వ్. వచ్చావా, నీక్కూడా ఒక పూత గీకుతా!"

ఎవరూ పట్టుకోలేదు. వెర్నా చేతిలో ఇనుము ఉంటే ఎవరు పట్టుకుంటారు? సగం గీకేసరికి లోపల తెల్లటి ప్లాస్టర్ బయటపడింది. నున్నదనం మెర్విన్ వేసింది. దాని కింద రంపం పళ్లలాంటి అంచులు. చిన్నచిన్న ఆరు పలకల గుంటలు, పలుగురాయి స్ఫటికాలు కూర్చున్న గుర్తులు. ఒక పక్క పుస్తకం అంచులా సన్నటి పొరలు, బెత్తెడు పొడుగున.

బ్రైడీ మెడలో వేలాడే భూతద్దం తీసి వంగింది. చాలాసేపు వంగే ఉంది. లేచేసరికి మొహం కందిపోయింది.

"ఇది దొర్లలేదు," అంది. "పది అడుగులు కూడా దొర్లలేదు. పుట్టినచోటే ఉంది. నేను రాసింది తప్పు."

"ఈ పొరలు చూశావా? మా నాన్న చదివింది నాలుగో క్లాసు. ఆయన చెప్పేవాడు, పలుగురాయి చార వచ్చి నల్ల పలకరాయి గీతను అడ్డంగా దాటిన చోటే ముద్ద కడుతుందని. పెన్సిలుతో గీసినంత సన్నటి గీత. అది ఉండేది గట్టు మీద. వాగులో గులకరాళ్లూ బురదా తప్ప ఏ గీతా లేదు. ఇరవై రెండు డబ్బాల రంగు చూసి నా అరవై ఒక్క చెట్లు కొడతారా మీరు!" అంది వెర్నా.

ఫెల్లోస్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "మీ బాధ నాకు అర్థమైంది, మిస్ ట్రెగెంజా. కానీ ఇది సున్నం ముద్ద. సాక్ష్యం కాదు. వాగులో దొరికిందని మీ నాన్నగారే సంతకం పెట్టారు. వాగులో కాదంటే మరెక్కడో చూపించండి. చూపించలేకపోతే పని సోమవారం మొదలవుతుంది."

"ట్రెగెంజా నిజం చెప్పిన రోజు ఊరికి సెలవివ్వాలి!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలు ఘొల్లుమంది.

ఎనభై మంది నవ్వుతున్నారు. వీళ్లలో సగం మంది ఆమె తేనె తినే పెరిగారు. వెర్నాకు తల్లి వేయించుకున్న ఒట్టు గుర్తొచ్చింది, ఆవిడ తడి చేయి తన చేతిని నలిపేయడం గుర్తొచ్చింది. చెబితే ఇల్లు పోతుంది. చెప్పకపోతే చెట్లు పోతాయి. ఇల్లు ఆమెది, కావాలంటే తలుపు వేసుకోవచ్చు. చెట్లకు తలుపు లేదు. అమ్మా, క్షమించు అనుకుంది.

"మా వంటింట్లో దొరికింది," అంది.

నవ్వు ఇంకా పెద్దదైంది. మెర్విన్ ఒక్కడే నవ్వలేదు. రాలిన రంగుపొట్టు దోసిట్లోకి ఎత్తుకుంటున్నవాడల్లా తల ఎత్తి చూశాడు.

"నువ్వు రా అమ్మాయ్. నీ పెద్దమనిషిని కూడా తీసుకురా. మెర్వ్, నువ్వూ రా, మళ్లీ ఊళ్లో నేనేదో కల్పించానని చెప్పకుండా ఉంటావు. బూట్లు గుమ్మం దగ్గర విప్పి రండి," అంది వెర్నా.

నలుగురూ వంటింట్లో చేరారు. వెర్నా బల్ల జరిపింది. నేల మీది లినోలియం చాప చుట్టి గోడకు ఆనించింది. ఇనుప బద్దతోనే మూడు చెక్కలు లేపింది. చల్లటి గాలి మొహాన కొట్టింది. మెర్విన్ వంగి చూసి గబుక్కున వెనక్కి తగ్గాడు.

కింద ఉన్నది గుంట కాదు, నుయ్యి. నాలుగు పక్కలా ఎర్ర చేవ దుంగలు ఆసరాగా పెట్టి, కొలిచి దింపినట్టు నిటారుగా ముప్పై అడుగులు. గోడకు చెక్క నిచ్చెన.

"ఇదంతా ఎవరు తవ్వారు?" అన్నాడు ఫెల్లోస్.

"ఎవరు తవ్వుతారు? మా నాన్న. పదకొండేళ్లు. గొర్రెల బొచ్చు కత్తిరించి వచ్చి, అన్నం తిని దిగేవాడు. మట్టి కిరసనాయిలు డబ్బాల్లో మా అమ్మ లాగేది. నేనూ లాగేదాన్ని. పెరట్లో పరిచేవాళ్లం."

మెర్విన్ నోరు తెరిచాడు. "మీ పెరడు రెండడుగులు లేచింది! గడ్డి మీద బంతులు దొర్లించే బౌలింగు ఆటకు మైదానం చేస్తున్నానని చెప్పేవాడు కదే!"

"నువ్వు నమ్మావుగా. అదొక్కటీ నమ్మావు."

బ్రైడీ అప్పటికే తలకు దీపం కట్టుకుంది. నడుముకున్న పరికరాన్ని తాడుతో దించి, లోపలి గాలి మంచిదో కాదో చూసింది. మెట్టు మెట్టూ కాలితో తన్ని చూసుకుంటూ దిగింది. దీపం చిన్నదవుతూ పోయి, పక్కకు మళ్లి, కనిపించకుండా పోయింది. సుత్తి చప్పుడు రెండుసార్లు వినిపించింది. వెర్నా ఒక్కసారి కూడా అందులోకి దిగలేదు. చిన్నప్పుడు తల్లి దిగనివ్వలేదు, పెద్దయ్యాక ఆమెకే మనసొప్పలేదు.

"ఇంత పని చేసి మరి ఎందుకు ఆపేశాడు మీ నాన్న?" అన్నాడు ఫెల్లోస్, చెక్క మీద వేళ్లతో తాళం వేస్తూ.

"ఆపలేదు. చచ్చిపోయాడు," అంది వెర్నా. "పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల నిండా పేరుకుంది. నలభై ఎనిమిదేళ్లు. ఆఖరి ఏడాది ఈ బల్ల దగ్గర కూర్చుని టీ కప్పు ఎత్తలేకపోయేవాడు. సిగరెట్లు ఎక్కువై పోయాడని ఊరంతా అనుకుంది. మేం ఏమనాలి? ఔనన్నాం."

ఇరవై నిమిషాలకు బ్రైడీ పైకి వచ్చింది. మోచేతుల దాకా మట్టి. అరచేతిలో చిన్న రాతిముక్క, తెల్లటి పలుగురాయి మీద సన్నటి నల్లగీత.

"ముద్ద ఇక్కడిదే," అంది ఫెల్లోస్ వైపు తిరిగి. "పలుగురాయి చార, నల్లగీత, రెండూ దాటుకున్న చోటు పైనే ఉంది, దుంగ పక్కన. వాగు నివేదిక నేను రాశాను, నేనే వెనక్కి తీసుకుంటున్నాను. సోమవారం రిబ్బన్లు విప్పించేస్తాను. కాదంటే రాజీనామా ఇచ్చి నేనే వెళ్లి విప్పుతాను."

ఫెల్లోస్ కాదనలేదు. అతని చూపు అప్పటికే గోతిలో ఉంది. "గీత అక్కడితో అయిపోయిందా, ఇంకా ముందుకు పోతోందా?"

"పోతోంది," అంది బ్రైడీ అయిష్టంగా. "కానీ ముద్ద ఉండేది దాటుకున్న చోటే. మళ్లీ ఎక్కడ దాటుకుంటుందో ఎవరికీ తెలీదు. అడుగు దూరమో, మైలు దూరమో, అసలు లేనే లేదో."

వెర్నా కుర్చీలో కూలబడింది. అరవై ఒక్క చెట్లు ఆమెకు దక్కాయి. ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకుంది, అంతే. మెర్విన్ మోకాళ్ల మీద కూర్చుని గోతిలోకి తొంగి చూస్తున్నాడు. ఊళ్లో పరమ సాధువు, జీవితంలో పలుగు పట్టని మనిషి. అతని కళ్లు మెరుస్తున్నాయి.

"వెర్నా, నేనంటానని కాదు గానీ, ఇంత దాకా వచ్చి వదిలేయడమెందుకే?" అన్నాడు మెల్లగా. "గీత ముందుకు పోతోందంటోంది కదా ఆ పిల్ల. నేనూ సాయం పడతా. ఇంకో అడుగు తవ్వి చూద్దాం. ఒక్క అడుగే!"

బ్రైడీ చేతిలోని రాతిముక్క నేల మీద పడింది.

"ఆ మాట మీకెలా తెలుసు?" అంది. "మీరు దిగలేదు కదా."

"ఏ మాట?"

బ్రైడీ వెర్నా వైపు చూసింది. చెప్పాలా వద్దా అని చాలాసేపు నలిగింది. "గోడ మీద రాసి ఉందండీ," అంది చివరికి. "కొవ్వొత్తి పొగతో. 'ఇంకో అడుగు' అని రాసి, కింద తేదీ. కాస్త ముందుకు వెళితే మళ్లీ 'ఇంకో అడుగు', మళ్లీ తేదీ. సొరంగం పొడుగునా అదే. మొదట్లో నా తల కంటే ఎత్తులో ఉన్నాయి. పోనుపోనూ కిందికి దిగిపోయాయి. చివరివి నా మోకాళ్ల దగ్గర ఉన్నాయి. కూర్చుని రాసినట్టున్నారు."

వెర్నా లేచింది. ఆమెను అంత కోపంలో నేనెప్పుడూ చూడలేదని మెర్విన్ తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"అదృష్టవంతుడట!" అంది. "ఆ ముద్ద దొరక్కపోయి ఉంటే, దుంగ పాతి, నేల సరిచేసి, నా పెళ్లికి వచ్చి, ముసలివాడై పోయేవాడు మా నాన్న. దొరికింది కాబట్టే పోయాడు. ఆయన అబద్ధం చెప్పింది మీ నుంచి బంగారం దాచుకోవడానికి అనుకుంటున్నారు ఇంకా. దాచింది బంగారాన్ని కాదు, ఈ గోతిని. లేవరా మెర్వ్. లే అక్కణ్నుంచి!"

మెర్విన్ లేచాడు. ఫెల్లోస్ జేబులోంచి కార్డు తీసి, "మీరు ఒప్పుకుంటే ఇంటికి ఏ నష్టం రాకుండా..." అని ఏదో మొదలుపెట్టాడు. వెర్నా ఆ కార్డు తీసుకుని గోతిలో పడేసింది. చెక్కలు ఒక్కొక్కటే యథాస్థానంలో పెట్టింది. అల్మారా అడుగునుంచి సుత్తీ, నాలుగంగుళాల మేకుల డబ్బా తీసి మోకాళ్ల మీద కూర్చుంది. అరవై ఏళ్లుగా ఊరికే పరిచి ఉన్న ఆ చెక్కలకు చెక్కకు నాలుగు చొప్పున పన్నెండు మేకులు దిగగొట్టింది. బ్రైడీ ఆమె పక్కనే కూర్చుని మేకులు అందించింది. తర్వాత చాప పరిచి, బల్ల దాని చోటికి లాగింది.

పొయ్యి మీద పెట్టిన కెటిల్ కాసేపటికి కూత పెట్టింది. వెర్నా రెండు కప్పులు తీసి బల్ల మీద పెట్టింది, ఒకటి తనకు, ఒకటి బ్రైడీకి. మగవాళ్లిద్దరూ కాసేపు నిలబడి చూసి, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని వెళ్లిపోయారు.